అరువుకొచ్చిన స్టాపర్

నేను రాయ్‌పూర్‌లో ఆడింది నాలుగు నెలలు కూడా నిండా లేదు. ఫుట్‌బాల్ గురించి ఎవరైనా అడిగితే గోవా సంగతులు చెబుతాను గానీ ఆ నాలుగు నెలల ఊసెత్తను. ఇంట్లో వాళ్ళకి కూడా చెప్పలేదు. ఇప్పుడు రాయడానికి కూర్చున్నానంటే నాకేదో పెద్ద మనసు వచ్చేసిందని అనుకోకండి. నలభైకి దగ్గర పడ్డాను, మోకాళ్ళు పీకుతున్నాయి, పీకినప్పుడల్లా ఒక మనిషి గుర్తొస్తున్నాడు. అందుకని రాస్తున్నాను.

మాది పార్వతీపురం పక్కన ఊరు. పంతొమ్మిదేళ్ళకి గోవాలో పేరున్న ఒక క్లబ్బులో చేరాను. చేరానంటే బెంచీ మీద కూర్చోవడానికే అనుకోండి. నేను స్టాపర్‌ని. గోల్‌కీపర్‌కి ముందు, మధ్యలో ఇద్దరు నిలబడి ఎదుటివాళ్ళని ఆపుతారు చూడండి, ఆ ఇద్దరిలో ఒకణ్ణి. రెండో ఏడు జనవరిలో, సీజన్ సగంలో ఉండగా ఆఫీసుకి పిలిచి, మిగతా సీజన్‌కి నిన్ను రాయ్‌పూర్ జట్టుకి అరువిస్తున్నాం అన్నారు. అదొక ఇనుప ఫ్యాక్టరీ వాళ్ళు నడిపే జట్టు. సీజన్ చివర్లో మా మనిషి ఒకాయన వచ్చి నీ ఆట చూస్తాడు, ఆయన బాగుందని రాస్తే ఇంకో ఏడాదికి ఒప్పందం, లేకపోతే మేలో నీ దారి నీది అని కూడా అన్నారు. ఏమీ దాచలేదు. నా బతుకంతా ఎవరో ఒకాయన వచ్చి చూసే ఒక్క ఆట మీద ఉందని మొదటి రోజునుంచీ నాకు తెలుసు.

సీజన్ మధ్యలో ఇంకో జట్టులోకి వెళ్ళడం ఎలా ఉంటుందో బయటివాళ్ళకి తెలియదు. జనవరి వచ్చేసరికి అక్కడ అన్నీ పంచుకోవడం అయిపోయి ఉంటుంది. బట్టలు తగిలించుకునే కొక్కేలు, స్నానానికి ఎవరి తర్వాత ఎవరు, ఎవరు ఎవరి పక్కన పరిగెత్తాలి, అన్నీ. మొదటి రోజు బస్సులో ఖాళీ సీటు చూసి కూర్చున్నాను. ఒకడొచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు. లేచి ఇంకో సీటులో కూర్చున్నాను. ఇంకొకడొచ్చి నిలబడ్డాడు. మూడోసారి కూడా అదే జరిగాక వెళ్ళి డ్రైవరు పక్కన ఇంజను మూత మీద, బంతుల సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. వెనకనుంచి ఎవడో “కిరాయేదార్” అన్నాడు, అందరూ నవ్వారు. అద్దెకున్నవాడని. ఆ పేరే ఖాయమైపోయింది.

నాకిచ్చిన చొక్కా కాలు విరిగి ఇంటికెళ్ళిపోయిన ఎవడిదో. వీపు మీద వాడి పేరు కత్తిరించేశారు గానీ కుట్టిన సూది బెజ్జాలు అలాగే ఉన్నాయి, దగ్గరకొచ్చి చూస్తే చదవొచ్చు. మమ్మల్ని ఉంచింది ధర్సీవా వైపు ఫ్యాక్టరీ క్వార్టర్లలో. తువ్వాలు ఆరేస్తే సాయంత్రానికి బూడిద రంగుకి తిరిగేది. ముక్కు చీదితే నల్లగా వచ్చేది. మెస్సులో అన్నానికి లోటు లేదు, ఆ నేలంతా వరే. పప్పుండేది, బంగాళాదుంప కూరుండేది, పులుపు అన్న మాటే లేదు. నా గదిలో ఇద్దరూ ఛత్తీస్‌గఢీలో మాట్లాడుకునేవాళ్ళు. నాతో హిందీలో మాట్లాడదామని ఒకటి రెండుసార్లు చూశారు. నేనే ముఖం మాడ్చుకుని గోడవైపు తిరిగి పడుకున్నాను. వాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. నాకే పొగరు. నేను గోవానుంచి వచ్చానని, వీళ్ళ మధ్య నన్ను పడేశారని లోపల మండిపోతూ ఉండేవాణ్ణి.

నా మొదటి ఆట తిల్దాలో. బియ్యం మిల్లుల ఊరు కదా, ఊక ధూళి గాల్లో తేలుతూ వచ్చి కళ్ళల్లో పడేది. మా కీపరు వదిలేయాల్సిన బంతికి ముందుకొచ్చి నన్ను గుద్ది గోలిప్పించాడు. నాకు ఒళ్ళు తెలియలేదు. వాడి తాతముత్తాతల దగ్గర్నుంచీ మొదలుపెట్టి తెలుగులో వరసగా తిట్టాను. వాడు బిత్తరపోయి చూస్తున్నాడు. పక్కనుంచి ఎవరో పకపకా నవ్వారు. నాతోపాటు ఆడుతున్న పెద్ద స్టాపర్. అప్పటిదాకా నాతో అవసరమైన రెండు మాటలు హిందీలో తప్ప మాట్లాడని మనిషి.

“ఒరే తమ్ముడూ, నువ్వు తిట్టిందంతా ఈ మైదానంలో నాకొక్కడికే తెలిసింది. మీ అమ్మ వింటే ఏటంటాది?” అన్నాడు.

ఆయన్ని నేను అన్నా అనే పిలిచాను, ఇక్కడా అలాగే రాస్తాను. అప్పటికి ముప్ఫై మూడేళ్ళు. వాళ్ళ తాత టెక్కలి దగ్గర్నుంచి రైల్వేలో కలాసీగా వచ్చాడట. అన్న పుట్టింది, పెరిగింది, పెళ్ళి చేసుకున్నది అంతా రాయ్‌పూర్ రైల్వే కాలనీలోనే. తెలుగు మా వైపుదే గానీ మధ్యలో హిందీ వచ్చి పడుతుండేది. ఆ ఆట అయ్యాక బస్సెక్కితే తన సీటులో కిటికీ వైపు జరిగి, పక్కన చేత్తో తట్టి కూర్చోమన్నాడు. ఎవరూ ఏమీ అనలేదు. ఆ రోజునుంచీ నాకు బస్సులో చోటు దొరికింది.

ఆ తర్వాతి ఆదివారం భోజనానికి ఇంటికి తీసుకెళ్ళాడు. వాళ్ళమ్మ నెత్తళ్ళ పులుసు చేసింది. ఒక్క ముద్ద నోట్లో పెట్టుకునేసరికి నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, కారమని చెప్పాను. ఆవిడ నమ్మలేదు. మా ఊరేదో, ఇంటిపేరేదో, మా అమ్మకి ఎంతమందో అన్నీ అడిగి, నేను తింటున్నంతసేపూ పక్కనే కూర్చుంది. వదిన రాయ్‌పూర్ పిల్ల, తెలుగు కంటే హిందీయే ఎక్కువ. “భయ్యా, ఇంకొంచెం చావల్ పెట్టుకోండి” అనేది. ప్రతి ఆదివారం రావాల్సిందేనని వాళ్ళమ్మ మాట తీసుకుంది. వెళ్ళాను కూడా, సిగ్గులేకుండా, ఒక్క వారం మానకుండా.

ఆ ఇంట్లోనే అన్న మోకాలు చూశాను. కుడి మోకాలు. రెండుసార్లు పోయిందట, ఒక్కసారే ఆపరేషన్ చేయించుకున్నాడట. ఆదివారం మధ్యాహ్నం వదిన గోరువెచ్చని నూనె రాసి గుడ్డ చుట్టేది, అప్పుడు పళ్ళు బిగించుకుని పైకప్పు చూస్తుండేవాడు. ఫ్యాక్టరీ స్టోర్సులో కాంట్రాక్టు మీద పని చేస్తూ తొమ్మిదేళ్ళుగా ఆ జట్టుకి ఆడుతున్నాడు. ఈ సీజన్ అయ్యాక జట్టులోంచి ముగ్గుర్ని పర్మనెంట్ చేస్తామని ఫ్యాక్టరీ వాళ్ళు చెప్పారు. కోచ్ పేర్లు రాసిస్తే మేనేజరు సంతకం పెడతాడు. తన పేరు ఉంటుందని అన్నకి నమ్మకం. ఇంకో ఏడాది ఈ మోకాలు లాగలేదని కూడా తెలుసు. ఇదంతా దాపరికం లేకుండా మొదటి రోజే నాకు చెప్పాడు, నేను నా గోవా ఆయన సంగతి చెప్పినట్టే.

ఇప్పుడు ఆట సంగతి ఒకటి చెప్పాలి, అది లేకుండా మిగతాది అర్థం కాదు. గోవాలో మాకు ఒక అలవాటు చేయించారు. ఎదుటివాళ్ళు బంతిని వెనక్కి ఇచ్చారంటే చాలు, మా వెనక వరసలో నలుగురం ఒక్కసారిగా రెండడుగులు పైకి, అంటే వాళ్ళ గోలు వైపు, వెళ్ళాలి. అప్పుడు వాళ్ళ ఫార్వర్డు మా వెనక ఒంటరిగా మిగిలిపోతాడు. బంతి వాడికి అందినా ఆఫ్‌సైడు, లైన్స్‌మన్ జెండా ఎత్తుతాడు. నలుగురూ వెళ్ళాలి. ఒక్కడు వెనక ఉండిపోయినా ఆఫ్‌సైడు లేదు, గోలే. ఏడాదిన్నర పొద్దున్నా సాయంత్రం అదే చేయించి మా కాళ్ళకి ఎక్కించారు.

రాయ్‌పూర్ జట్టులో పద్ధతి వేరు. అక్కడ వెనక వరస పైకి వెళ్ళాలంటే పెద్ద స్టాపర్ “నికలో” అని కేక వేయాలి. అతను పిలవకుండా ఎవడూ కదలకూడదు. ఆ జట్టులో ఆలస్యంగా వచ్చినా ఊరుకునేవారు, బంతి పోగొట్టినా ఊరుకునేవారు, పిలవకుండా పైకెళితే మాత్రం ఊరుకునేవారు కాదు. మా అన్న అసలు పిలిచేవాడే కాదు.

“నా ఘుట్నా సాథ్ ఇవ్వదు తమ్ముడూ” అన్నాడు మోకాలు తట్టి చూపిస్తూ. “పైకెల్తే మల్లీ ఎనక్కి తిరగలేను. నేను పిలిస్తేనే రా. నేను పిలవను. నా పక్కనే ఉండు, సాలు.”

నాకు నచ్చలేదు. ఆయన కుంటి కాలు కోసం నేను కూడా గోలు దగ్గర నక్కి నక్కి ఆడాలా అనుకున్నాను. గోవా ఆయన వచ్చి చూస్తే ఏమనుకుంటాడు, ఏడాదిన్నర నేర్పిందంతా నాలుగు నెలల్లో మరిచిపోయాడు వెధవ అనుకోడూ? కోచ్ దగ్గరికెళ్ళి మొర పెట్టుకున్నాను. ఆయన బెంగాలీ, యాభై దాటినవాడు, అందరితోనూ హిందీలోనే మాట్లాడేవాడు. సీజన్ అయ్యేదాకా పెద్దాయన చెప్పినట్టు విను అన్నాడు, ఈల ఊదుకుంటూ వెళ్ళిపోయాడు. గతిలేక విన్నాను. నిజం చెప్పాలంటే విన్నాక ఆట కుదిరింది. అన్న ఎక్కడ నిలబడాలో ముందే చూసి నిలబడేవాడు, పరిగెత్తే పని నాది. ఐదు ఆటల్లో ఒక్క గోలే ఇచ్చాం. కీపరు కూడా నాతో మాట్లాడటం మొదలుపెట్టాడు. అభన్‌పూర్‌లో ఒక ఆట గెలిచి తిరిగొస్తుంటే బస్సులో కిరాయేదార్ అని పిలిచారు గానీ ఆ పిలుపులో ముల్లు లేదు. అదొక్కటే నాకు రాయ్‌పూర్‌లో మంచి రోజు.

మార్చి నెలాఖర్లో బిలాస్‌పూర్ జట్టుతో ఆట పడింది, రాయ్‌పూర్‌లోనే. గెలిస్తే చివరి రౌండుకి వెళతాం, అందుకని ఫ్యాక్టరీ మేనేజరు కూడా వస్తున్నాడు. గోవా ఆయన ఆ ఆటకే వస్తున్నాడని మూడు రోజుల ముందు కబురొచ్చింది. మూడు రోజులూ నాకు తిండి సయించలేదు. అన్న నా భుజం మీద చెయ్యేసి రోజూ ఆడినట్టే ఆడు, టెన్షన్ మత్ లే అన్నాడు. సరేనన్నాను. లోపల మాత్రం ఒకటే గుబులు. రోజూ ఆడినట్టు ఆడితే ఈయన పక్కన దిష్టిబొమ్మలా నిలబడ్డాడని రాస్తాడు, నా పని అయిపోతుంది.

గోవా ఆయన తెల్ల టోపీ పెట్టుకుని గీతకి దగ్గరగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఒళ్ళో చిన్న నోటు పుస్తకం. ఎండ మాడుస్తోంది. మొదటి సగం ఎటూ గోలు లేదు. రెండో సగంలో ఇంకో ఇరవై నిమిషాలు ఉందనగా వాళ్ళ మధ్య వరసలో ఆడేవాడొకడు మా వైపు వస్తూ వస్తూ ఆగి బంతిని వెనక్కి ఇచ్చాడు. నేను రెండడుగులు పైకి వెళ్ళాను.

చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నది ఏమిటంటే, అలవాటు ప్రకారం కాళ్ళు వెళ్ళిపోయాయని. అబద్ధం. వెళ్ళే ముందు తెల్ల టోపీ వైపు ఒకసారి చూశాను. చూసి వెళ్ళాను. అన్న పిలవలేదు, నోరే తెరవలేదు. ఆయన తన చోటులోనే ఉన్నాడు. వెనక అందుకున్నవాడు కొట్టిన బంతి నా తలమీంచి వెళ్ళింది, వాళ్ళ ఫార్వర్డు దాని వెనక పరిగెత్తాడు. నేను ఆఫ్‌సైడని చేయెత్తి లైన్స్‌మన్‌ని చూస్తూ నిలబడ్డాను. జెండా లేవలేదు. ఎందుకు లేస్తుంది, అన్న వెనకే ఉంటే? వాణ్ణి ఆపడానికి అన్న ఒక్కడే మిగిలాడు. గిరుక్కున వెనక్కి తిరిగాడు. ఎవరూ తగల్లేదు, ఎవరూ తొయ్యలేదు, ఉన్నచోటే కుప్పకూలిపోయాడు. ఫార్వర్డు పక్కనుంచి వెళ్ళి గోలు వేశాడు. నా చెయ్యి ఇంకా పైనే ఉంది.

ఒక్క గోలుతో ఓడిపోయాం. ఆట అయ్యాక బట్టలు మార్చుకునే గదిలో అన్న బల్ల మీద కాలు చాపుకుని మోకాలి మీద ఐసు గడ్డ పెట్టుకుని ఉన్నాడు. ముఖం చెమటతో తడిసిపోయి పాలిపోయి ఉంది. గుమ్మంలో మేనేజరు నిలబడ్డాడు, ఆయన పక్కన తెల్ల టోపీ ఆయన. కోచ్ లోపలికి వచ్చి ఎవరి ముఖమూ చూడకుండా ఒకటే అడిగాడు. లైనుని పైకి పిలిచింది ఎవరు?

గదిలో అందరూ నన్నే చూశారు. పిలవకుండా నేను పైకెళ్ళడం సగం మంది చూసే ఉంటారు. నిజం చెబితే తెల్ల టోపీ ముందు చెప్పినట్టవుతుంది. అంతే ఆలోచించాను, అంతకు మించి ఒక్క ముక్క ఆలోచించలేదు.

“భయ్యా పిలిచాడు. నికలో అన్నాడు, అందుకే వెళ్ళాను” అన్నాను హిందీలో. మూడు నెలలుగా తడబడుతూ మాట్లాడిన హిందీ ఆ ఒక్క మాటకీ ఎక్కడా తొణకలేదు.

అన్న తలెత్తి నన్ను చూశాడు. కోపంగా చూసినా బాగుండేది. ఎవరో కొత్తవాణ్ణి చూస్తున్నట్టు చూశాడు. కోచ్ ఆయన వైపు తిరిగి నిజమేనా అని అడిగాడు. ఆయన గుమ్మంలో ఉన్నవాళ్ళ వైపు ఒకసారి చూసి, వాడన్నాడంటే పిలిచే ఉంటాను అని మెల్లిగా అన్నాడు. మేనేజరు నాలుకతో చప్పరించి వెళ్ళిపోయాడు. నేను వంగి బూట్ల తాళ్ళు విప్పుకున్నాను.

ఆ ఆదివారం వాళ్ళింటికి వెళ్ళలేదు. వదిన ఫోన్ చేసింది. అత్తయ్య అడుగుతోంది, వంట అయిపోయింది, ఎందుకు రాలేదు అని. ఆవిడ గొంతులో ఏ తేడా లేదు. అంటే అన్న ఇంట్లో ఏమీ చెప్పలేదన్నమాట. కడుపు బాలేదని చెప్పాను. ఆ తర్వాతి ఆదివారం ఫోను ఎత్తలేదు. మిగిలిన లీగు ఆటలు అన్న ఆడలేదు, కర్ర పట్టుకుని స్టోర్సుకి వెళుతున్నాడని గదిలోవాళ్ళు చెప్పుకుంటుంటే విన్నాను. బస్సులో ఆయన సీటు ఖాళీగా ఉన్నా నన్ను పక్కన కూర్చోమన్నవాడు లేడు. ఎవడూ నన్ను ఒక్క మాట అనలేదు. కిరాయేదార్ అనడం కూడా మానేశారు.

ఏప్రిల్ మధ్యలో గోవానుంచి కాయితం వచ్చింది. ఇంకో ఏడాదికి తీసుకున్నారు. ముందు ఇంటికెళ్ళి పది రోజులు ఉండి రమ్మన్నారు. గదిలో ఒక్కణ్ణే ఉన్నాను కాబట్టి ఎగిరి గంతేశాను, అదీ చెప్పాలి కదా. బట్టలు సర్దుకుని స్టేషన్‌కి వెళ్ళాను. విజయనగరం వైపు వెళ్ళే బండి ఇంకా ప్లాట్‌ఫారం మీదకి రాలేదు. దూరంనుంచి కర్ర పొడుచుకుంటూ అన్న వస్తున్నాడు. నేను ఏ బండికి వెళుతున్నానో ఎవర్ని అడిగి తెలుసుకున్నాడో. ఓవర్‌బ్రిడ్జి మెట్లన్నీ ఎక్కి దిగి వచ్చాడు. నా పక్కన బెంచీ మీద కూర్చుని కాసేపు కాలు రాసుకున్నాడు.

“నిన్ను సాగనంపడానికి వొచ్చానని అబద్ధం ఆడను. అడగడానికే వొచ్చాను” అన్నాడు. “ఆ రోజు మీ గోవా ఆయన గుమ్మంలో ఉన్నాడు గదా. నీ కాయితం పాడైపోతాదని ఊరుకున్నాను. ఇప్పుడు నీ కాయితం వొచ్చేసింది. శనివారం మా లిస్టు మేనేజరుకి ఎల్తాది. కోచ్ సారుకి ఒక్క ఫోను చెయ్యి. నేను పిలవలేదని చెప్పు. బస్, అంతే.”

తల ఊపాను.

“మోకాలు నీ వల్ల పోయిందని నేను అనను. ఎప్పుడో ఒకప్పుడు పోయేదే. తొమ్మిదేళ్ళు ఎనక నిలబడ్డాను తమ్ముడూ. ఒక్కసారీ తప్పు పిలవలేదు. ఆ మాట పోతే ఇంక నాకేటుంది ఇక్కడ?”

అన్నా, చేస్తాను, ఇంటికెళ్ళగానే చేస్తాను అన్నాను. నమ్మాడు. నమ్మి నా భుజం తట్టాడు. బండి వచ్చాక నా సంచీ లోపలికి అందించాడు కూడా, ఒక చేత్తో కర్ర పట్టుకుని.

నేను ఇల్లు చేరింది బుధవారం. కోచ్ నంబరు నా దగ్గర ఉంది. గురువారం నాలుగుసార్లు తీశాను. చేస్తే ఏమవుతుందో లెక్కలు వేశాను. కోచ్‌కి చెబితే ఆయన గోవాకి చెప్పడన్న నమ్మకమేమిటి? అబద్ధాలకోరు అని ఒక్క మాట చెప్పినా చాలు, కాయితం చింపేస్తారు. శుక్రవారం రేపు చేద్దాం అనుకున్నాను. శనివారం పొద్దున్నే ఫోను ఆపేసి పెట్టెలో పెట్టి మేనమామ వాళ్ళ ఊరెళ్ళిపోయాను. అక్కడ కోడిని కోశారు, బాగా తిన్నాను. ఆదివారం వచ్చి ఫోను తెరిస్తే అన్న నంబరునుంచి మూడు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. తర్వాత రాలేదు. లిస్టులో ఆయన పేరు లేదని, నెలాఖరుకి కాంట్రాక్టు పని కూడా తీసేశారని నా గదిలో ఉండేవాడు ఒకడు మెసేజ్ పెట్టాడు. నేను జవాబు ఇవ్వలేదు.

గోవాలో ఏం వెలగబెట్టానో కూడా చెబుతాను. రెండంటే రెండు ఆటలు ఆడించారు. కొత్త కోచ్ వచ్చాడు, ఆయనకి నా వేగం చాలదట. డిసెంబరులో పంపించేశారు. ఇంటికొచ్చి ఒక నెల ఎవరితోనూ మాట్లాడకుండా పడుకున్నాను. పోగొట్టుకోవడానికి ఇంకేమీ మిగల్లేదు కాబట్టి, అప్పుడు, తొమ్మిది నెలల తర్వాత, రాయ్‌పూర్ కోచ్‌కి ఫోన్ చేశాను. అన్న పిలవలేదు సార్, నేనే వెళ్ళాను, నేనే అబద్ధం చెప్పాను అని గడగడా చెప్పేశాను. చెప్పి తిట్ల కోసం ఎదురుచూశాను.

ఆయన తిట్టలేదు. తెలుసు అన్నాడు. నేను ఆ గీత దగ్గరే నిలబడ్డాను, అతను నోరు తెరవకపోవడం చూశాను, నీ చెయ్యి లేవడమూ చూశాను అన్నాడు. తెలిస్తే ఎందుకు అడిగారు సార్ అన్నాను. మేనేజరు వినాలని అడిగానన్నాడు. మోకాలు చూసి ఇతను మనకెందుకు అంటున్నాడట మేనేజరు అప్పటికే. తప్పు పెద్దాయనది కాదు, అరువుకొచ్చిన కుర్రాడిదని మేనేజరు చెవిన పడితే అతని పేరు రాయడానికి తనకి వీలుంటుందని అనుకున్నాడట. నాదే తప్పు సార్ అని నువ్వంటావు, నేను నిన్ను ఐదు నిమిషాలు తిడతాను, అయిపోతుంది అనుకున్నాను అన్నాడు. నువ్వలా అన్నాక మేనేజరుకి ఏం చెప్పను అన్నాడు.

నిజం చెబితే నా కాయితం పోయేది కదా సార్ అన్నాను. అంత జరిగాక కూడా నా నోటినుంచి ముందు వచ్చిన మాట అదే.

ఆయన హిందీలో నెమ్మదిగా, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు. గోవా ఆయన హాఫ్‌టైములోనే తన దగ్గరికి వచ్చి, కుర్రాణ్ణి తీసుకుంటున్నామని చెప్పాడట. పరుగు లేని పెద్దాయన పక్కన అంత ఓపిగ్గా నిలబడి ఆడుతున్నాడు, అది నచ్చింది అన్నాడట. రెండో సగంలో గోలు పడినా ఆయన మనసు మార్చుకోలేదట.

ఫోను పెట్టేసి చాలాసేపు గోడకి ఆనుకుని కూర్చున్నాను. తర్వాత అన్నకి చేశాను. రెండోసారి మోగాక ఎత్తాడు. వెనక లారీల చప్పుడు. నా గొంతు గుర్తుపట్టాడు. ఎలాగున్నావు అని నేను అడగలేదు, అడిగే ముఖం లేదు. అన్నా, సారుకి చెప్పాను, నువ్వు పిలవలేదని చెప్పేశాను అన్నాను.

“ఎప్పుడు?” అన్నాడు.

“ఇవాళే.”

అవతల లారీ ఒకటి వెనక్కి పోతున్నట్టుంది, ఎవరో కేకలేస్తున్నారు. అన్నా అన్నా అని ఏడ్చేశాను. ఏడిస్తే ఏదైనా అంటాడని, తిడతాడని.

“ఏడవకు” అన్నాడు చివరికి. “అమ్మ ఇంకా ఆదివారం నీ గురించి అడుగుతాది. ఆ పార్వతీపురం కుర్రోడు ఎలాగున్నాడో, తింటున్నాడో లేదో అని. నేనేటీ చెప్పలేదు తనకి. ఉద్యోగం నా మోకాలు వల్ల పోయిందనే అనుకుంటాది. అలాగే అనుకోనీ. నువ్వు మల్లీ ఈ ఇంటికి ఫోను చెయ్యకు.”

సరేనన్నాను. ఆయనకిచ్చిన మాటల్లో నేను నిలబెట్టుకున్నది అదొక్కటే.